ఏమి నేర్చితిని? – అంతర్జాల పాఠక్రమములలో విద్యార్థి స్వసమీక్ష

విద్యాభ్యాసమున రెండు ప్రశ్నలు కలవు. "నీకేమి వచ్చును?" అనునది గురువు శిష్యుని అడుగు ప్రశ్న. "నేనేమి నేర్చితిని?" అనునది శిష్యుడు తన్ను తాను అడిగికొను ప్రశ్న. మొదటిదానికి పరీక్ష యను పేర మనకు చిరకాలముగా ఒక ఏర్పాటు కలదు. రెండవదానికి మన కళాశాలలలో నియతమైన స్థానము చాలకాలము లేదు. అంతర్జాలము ద్వారా కళాశాల పాఠములు నడుచుట మొదలైన పిమ్మట ఈ రెండవ ప్రశ్నకు ప్రాముఖ్యము హెచ్చినది. పాఠక్రమము ముగిసిన వెనుక విద్యార్థి తాను నేర్చినదానిని గుఱించి తానే ఒకటి రెండు పుటలు వ్రాయవలెనను పద్ధతి దేశవిదేశముల విశ్వవిద్యాలయములలో వ్యాపించినది. అట్టి రచనను ఈ వ్యాసమున 'స్వసమీక్ష' యని వ్యవహరింతును. దాని స్వరూపమేమి, అది యెంతవరకు నమ్మదగినది, ఎట్లు వ్రాసినచో ప్రయోజనకరమగును అను మూడంశములను విచారించుట ఇచట ఉద్దేశము.

పూర్వరంగము

గురుశిష్యులు ఎదురెదురుగా కూర్చుండని చదువు మనకు కొత్త కాదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము ఉత్తరముల ద్వారా విద్య గఱపు శాఖను నెలకొల్పినది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున అట్టి శాఖయే వెలసినది. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. భారతదేశమున సార్వత్రిక విశ్వవిద్యాలయములలో నిదియే మొదటిది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నున్నది. ఈ పద్ధతులలో పాఠము టపాలో పోవును. జవాబు టపాలో వచ్చును. దిద్దిన కాగితము మరల విద్యార్థిని చేరునప్పటికి అతడు ఆ పాఠమును దాటి చాల దూరము పోయియుండును. నడుమ నతని మనస్సున ఏమి జరిగినదో తెలిసికొను మార్గము ఇరువురికిని లేకుండెను.

2003లో ఐ.ఐ.టి.లును బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ఎన్‌పీటీఈఎల్ అను పేర సాంకేతిక విద్యాపాఠములను దృశ్యరూపమున నిలువచేయుటకు పూనుకొనెను. 2014 నుండి ఆ పాఠములకు పరీక్షలును, యోగ్యతాపత్రములును ఏర్పడినవి. 2017 జులైలో కేంద్రప్రభుత్వము 'స్వయం' అను వేదికను ప్రారంభించినది. 2020 మార్చిలో మహమ్మారి మూలమున దేశమంతట విద్యాలయములు మూతపడగా, అంతవరకు ఐచ్ఛికముగా నున్న ఈ పద్ధతి కొంతకాలము అనివార్యమైనది. ఒక విద్యాకార్యక్రమమున, ఒక అర్ధసంవత్సరములోని పాఠక్రమములలో నూటికి 40 వంతుల వరకు స్వయం వేదిక ద్వారా చదువవచ్చునని 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధన చేసినది. అనగా పట్టములోని గణనీయమైన భాగము, గురువు ముఖము నెదుట చూడకయే సంపాదింపదగినదైనది. ఇట్టి స్థితిలో "ఈ విద్యార్థి నిజముగా నేర్చినాడా?" అను ప్రశ్న కేవల శాస్త్రచర్చ కాదు, పట్టము యొక్క విలువయే దానిపై ఆధారపడియున్నది.

పదవిచారము

ఈ విషయమున మన భాషలోని మాటలే కొంత దారి చూపుచున్నవి. వీధిబడులలో విద్యార్థి తాను చదివిన పాఠమును 'అప్పజెప్పు'చుండెను. తనకు ఇచ్చినదానిని మరల ఒప్పగించుట యని ఆ మాటకు భావము. గురువు ఇచ్చిన పద్యమును శిష్యుడు చెక్కుచెదరకుండ తిరిగి ఇచ్చును. ఇచ్చినదానికిని పుచ్చుకొన్నదానికిని లెక్క సరిపోవును. ధారణకు ఇది గొప్ప సాధనము. కాని ఒప్పగించిన పిమ్మట శిష్యుని వద్ద మిగిలినదేమి అను ప్రశ్నకు ఇందు సమాధానము లేదు.

ఆ ప్రశ్నకు దగ్గఱగా నుండునది 'సింహావలోకనము'. సింహము కొంతదూరము నడచి, నిలిచి, వెనుదిరిగి తాను వచ్చిన త్రోవను చూచునని లోకప్రసిద్ధి. నడచుట ఒకటి, నడచిన త్రోవను చూచుట వేఱొకటి. శ్రవణ మనన నిదిధ్యాసనములను వరుసలో వినుట తరువాత మననము నుంచిన ప్రాచీనులును ఈ భేదమును గుర్తించినవారే. పాశ్చాత్య విద్యాశాస్త్రమున జాన్ డ్యూయీ 1910లో ప్రకటించిన గ్రంథమున ఆలోచనా విధానమును విశ్లేషించి, ఒక విశ్వాసమునకు ఆధారమేమి, దానినుండి ఫలించునదేమి అని పట్టుదలతో పరిశీలించుటయే నిజమైన పర్యాలోచనమని ప్రతిపాదించెను. 1983లో డొనాల్డ్ షోన్ వైద్యులు, వాస్తుశిల్పులు మున్నగు వృత్తినిపుణులు పని చేయుచునే ఆ పనిని పరిశీలించుకొను తీరును వివరించెను. నేటి స్వసమీక్షా పద్ధతికి ఈ రెండు గ్రంథములును మూలబలములు.

క్రియారూపములలోను ఒక సూక్ష్మమున్నది. "నాకు తెలిసినది", "నేను తెలిసికొంటిని", "నేను చేయగలను" అను మూడు వాక్యములను పరికింపుడు. మొదటి వాక్యమున 'నాకు' అనునది షష్ఠ్యంతము. తెలియుట యను క్రియ అతనికి సంభవించినదే కాని, అతడు దానిని చేయలేదు. రెండవ వాక్యమున అతడు కర్త యైనాడు; 'కొను' అను అనుప్రయోగము క్రియాఫలము కర్తకే చెందినదని తెలుపును. వండుట వేఱు, వండుకొనుట వేఱు, నేర్చుకొనుటయు నిట్టిదే. మూడవ వాక్యము గతమును విడిచి సామర్థ్యమును చెప్పుచున్నది. ఇతరులు పరీక్షించి చూడదగినది ఈ మూడవదియే. విద్యార్థుల స్వసమీక్షలను పరిశీలించునప్పుడు ఈ మూడు మెట్లను దృష్టిలో నుంచుకొన్నచో ఏది యే స్థాయిలో నున్నదో సులభముగా తెలియును.

అంతర్జాలమున దీని అవసరము

తరగతిలో అధ్యాపకునకు విద్యార్థి ముఖమే పుస్తకము. నొసలు ముడివడినచో మఱియొక ఉదాహరణ చెప్పును. కన్నులు వెలిగినచో ముందునకు సాగును. ముందే చిత్రించి యుంచిన దృశ్యపాఠమున ఈ సౌకర్యము లేదు. స్వయం వేదికలోని పాఠక్రమమునకు నాలుగు అంగములు కలవు: దృశ్యోపన్యాసములు, చదువుకొనదగిన పాఠ్యసామగ్రి, స్వయముగా చేసికొను పరీక్షలు, సందేహనివృత్తికై చర్చావేదిక. ఎన్‌పీటీఈఎల్ వారి 12 వారముల పాఠక్రమమున సామాన్యముగా వారమునకొక అభ్యాసము చొప్పున ఇచ్చి, వానిలో ఉత్తమమైన 8 అభ్యాసములకు 25 వంతులు, చివరి పరీక్షకు 75 వంతులు లెక్కించు పద్ధతి యున్నది. వేలమంది పాల్గొను పాఠక్రమమున లెక్క సులభముగా తేలుటకు ఇది తగిన ఏర్పాటే. కాని ఈ నాలుగంగములలో విద్యార్థి వెనుదిరిగి తన త్రోవను తాను చూచుకొనుటకు ప్రత్యేకముగా ఒక చోటు లేదు.

సంఖ్యలు ఈ లోటును తీర్చజాలవు. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యుద్వలయములను గుఱించిన పాఠక్రమమును అంతర్జాలమున ఉచితముగా నడపినది. సుమారు 1,55,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి; 7,157 మంది ఉత్తీర్ణులైరి. ఉత్తీర్ణులు నూటికి 5 వంతులకంటె తక్కువ. దీనిని చూచి కొందఱు ఈ విద్య వ్యర్థమనిరి. ఏడువేలమందికి ఒక్కసారిగా పాఠము చెప్పిన తరగతి పూర్వ మెక్కడనున్నదని మఱికొందఱు మెచ్చిరి. రెండు వాదములును సంఖ్య చుట్టునే తిరిగినవి. తనకు కావలసిన రెండు పాఠములు మాత్రము చదివి తృప్తితో వెడలిపోయిన వానికిని, మొదటి వారముననే అర్థము కాక నిరాశతో మానివేసిన వానికిని ఆ పట్టికలో భేదము లేదు. ఆ భేదమును చెప్పగలవాడు విద్యార్థి యొక్కడే.

స్వసమీక్షయే పాఠమైన ఉదాహరణము

2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయమున జార్జి సీమెన్సు, స్టీఫెన్ డౌన్సు అను వారు జ్ఞానసంబంధములను గుఱించి యొక పాఠక్రమమును నిర్వహించిరి. రుసుము చెల్లించి చేరినవారు సుమారు 25 మంది. రుసుము లేకుండ అంతర్జాలము ద్వారా పాల్గొన్నవారు రెండు వేలకు పైబడినవారు. 'మూక్' అను మాట ఈ పాఠక్రమమును పురస్కరించుకొనియే పుట్టినది. పాఠకర్తలు ఒక గ్రంథమును బోధించి దానిని మరల అప్పజెప్పుమని అడుగలేదు. పాల్గొన్నవారు తాము చదివినదానిపై తమ ఆలోచనలను తమతమ అంతర్జాల పుటలలో వ్రాసికొనుచుండిరి. ఆ వ్రాతలను ఏరి కూర్చి అందఱకును నిత్యము పంపుచుండిరి. ఒకరి సమీక్ష మఱియొకరికి పాఠమైనది.

ఈ ప్రయోగము రెండు విషయములను తెలుపుచున్నది. స్వసమీక్ష పాఠము ముగిసిన తరువాత అతికించు అనుబంధము కానక్కఱలేదు. పాఠములో భాగమే కావచ్చును. ఇది మొదటిది. చదువువాడున్నపుడే వ్రాయువాడు శ్రద్ధ వహించును అనునది రెండవది. ఎవరును చదువని స్వసమీక్ష కొలదికాలమునకే మ్రొక్కుబడి యగును.

విద్యార్థి మాట యెంత నమ్మదగినది?

ఇచట నొక చిక్కు గలదు. నేర్చితినను భావము వేఱు, నేర్చుట వేఱు. ఈ రెండును కొన్ని వేళల పరస్పరవిరుద్ధముగా నడచునని ప్రయోగములు తెలుపుచున్నవి.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో తాము కళాశాల విద్యార్థులపై చేసిన ప్రయోగమును ప్రకటించిరి. ఒక వర్గమువారు ఒక గద్యభాగమును నాలుగు పర్యాయములు చదివిరి. వేఱొక వర్గమువారు మొదటి పర్యాయము మాత్రము చదివి, తక్కిన మూడు పర్యాయములు పుస్తకము చూడకుండ జ్ఞాపకమున్నంత వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా నాలుగుసార్లు చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిమ్మట పరీక్షింపగా ఫలము తలక్రిందులైనది: నాలుగుసార్లు చదివినవారు నూటికి 40 వంతులు, చూడకుండ వ్రాసినవారు 61 వంతులు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. వారము తరువాత తమకెంత జ్ఞాపకముండునని ముందే అడిగినపుడు హెచ్చు ధైర్యముతో పలికినవారు మాత్రము నాలుగుసార్లు చదివినవారే.

2019లో హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర ప్రారంభ తరగతులలో లూయీ డెలోరియే ప్రభృతులు చేసిన పరిశోధనయు ఇట్టిదే. ఒక వర్గము ధారాళమైన ఉపన్యాసమును వినినది. రెండవ వర్గము సమస్యలను తామే సాధించుచు నేర్చినది. పరీక్షలో రెండవ వర్గమే మిన్న. కాని తామెంత నేర్చితిమని అడుగగా తమ విద్యపట్ల హెచ్చు తృప్తి తెలిపినది మొదటి వర్గము. సాఫీగా సాగు ఉపన్యాసము నేర్చితినను భ్రమను కలిగించును. సాధనలోని శ్రమ నేర్వకున్నానను శంకను కలిగించును.

అంతర్జాల పాఠక్రమమునకు ఈ హెచ్చరిక మఱింత వర్తించును. చక్కని కంఠము, రంగుల చిత్రములు, ఆపి మరల చూడగల సౌకర్యము – ఇవి యన్నియు పాఠమును సాఫీ చేయునవే. ఒకే పాఠమును మూడుసార్లు చూచిన విద్యార్థి "బాగుగా అర్థమైనది" అని వ్రాసినచో అతడసత్యమాడుట లేదు. తన అనుభూతిని తెలుపుచున్నాడు. ఆ అనుభూతిని విద్యగా లెక్కించుట చదువువాని పొరపాటగును.

అట్లయినచో స్వసమీక్షను త్రోసివేయవలెనా? అక్కఱలేదు. స్వసమీక్షను సాక్ష్యముగా మాత్రమే చూచినచో అది దుర్బలము. సాధనగా చూచినచో మిక్కిలి బలవంతము. పై ప్రయోగమున పుస్తకము మూసి వ్రాసినవారు ఏమి చేసిరో గమనింపుడు: తమలో ఏమి మిగిలినదో వెదకికొనిరి. మంచి స్వసమీక్ష చేయించునదియు ఆ పనియే. అది నేర్చినదానిని ప్రకటించుట కంటె, నేర్చుటను పూర్తిచేయుట యనదగును.

మంచి స్వసమీక్ష లక్షణములు

తెలుగుశాఖవారికి పరిచితమైన విషయమునుండి ఉదాహరణము తీసికొందము. ఛందస్సును గుఱించిన పాఠక్రమము ముగిసిన పిమ్మట ముగ్గురు విద్యార్థులు ఈ విధముగా వ్రాసిరని ఊహింపుడు.

మొదటివాడు: "ఈ పాఠక్రమము నాకు మిక్కిలి ఉపయోగపడినది. వృత్తములు చక్కగా అర్థమైనవి. బోధన ఎంతయో బాగున్నది."

రెండవవాడు: "ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములనియు, పదవ అక్షరము యతిస్థానమనియు తెలిసికొంటిని. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములనియు, పదునొకండవ అక్షరము యతిస్థానమనియు తెలిసికొంటిని."

మూడవవాడు: "ఈ రెండు వృత్తముల గణములను మొదట వేఱువేఱుగా వల్లించి, ఒకదానితో నొకటి కలిపివేయుచుంటిని. గురులఘువులను వరుసగా వ్రాసి చూడగా, ఉత్పలమాలలోని మొదటి గురువును రెండు లఘువులుగా మార్చినచో మిగిలినదంతయు చంపకమాలయే యగుచున్నది. అక్షరములు ఇరువదినుండి ఇరువదియొకటి యగుటకును, యతి ఒక స్థానము జరుగుటకును కారణమదియే. ఇప్పుడు ఒకదానినుండి రెండవదానిని రాబట్టగలను. కాని తరువాతి పదము సంయుక్తాక్షరముతో మొదలైనపుడు, ముందు పదము చివరి లఘువు గురువగునా కాదా అనుచోట ఇంకను తడబడుచున్నాను."

మొదటిది ప్రశంస. ఛందస్సు పేరు తీసివేసి రసాయనశాస్త్రమని వ్రాసినను అందు ఒక్క మాట మార్చవలసిన పనిలేదు. రెండవది అప్పజెప్పుట; అందు దోషము లేదు, కాని అది పాఠ్యగ్రంథమునను ఉన్నది. మూడవదే స్వసమీక్ష. అందు నాలుగు లక్షణములు కలవు. మునుపటి స్థితి చెప్పబడినది. మార్పు ఎచ్చట, ఏ పనివలన కలిగినదో చెప్పబడినది. ఇప్పుడేమి చేయగలడో చెప్పబడినది. ఇంకను తెలియనిది చెప్పబడినది. వీనిలో చివరిది మిక్కిలి విలువైనది. సంయుక్తాక్షరమును గుఱించిన ఆ సందేహము శాస్త్రమున నిజముగా విచారింపదగినది. సంస్కృతసమాసమున అట్టి లఘువు గురువగును. విడివిడి తెలుగు పదములయెడ సామాన్యముగా గురువు కాదు. ఆ విద్యార్థికి తరువాత చెప్పవలసిన పాఠమేదో అధ్యాపకునకు అతని వ్రాతయే చూపినది. తరగతిలో ముడివడిన నొసలు చేయు పనిని ఇచట ఒక వాక్యము చేసినది.

ఆచరణలోని కష్టములు

ఇట్టి వ్రాతను రాబట్టుట సులభము కాదు. "ఈ పాఠక్రమమున ఏమి నేర్చితివి?" అని చివరి దినమున ఒక్కసారి అడిగినచో మొదటివాని సమాధానమే వచ్చును. ప్రశ్న విశేషముగా నుండవలెను: "ఈ వారము నీ అభిప్రాయము మారిన విషయమేది? ఏ అభ్యాసము నిన్ను ఆపినది? అది తెమిలిన తీరు ఎట్టిది?" వారము వారము నాలుగైదు వాక్యములు వ్రాసిన విద్యార్థికి చివర సింహావలోకనము చేయుటకు త్రోవయంతయు గుర్తులుండును. లేనిచో జ్ఞాపకమును కల్పన ఆక్రమించును.

మార్కులిచ్చుట రెండవ కష్టము. మార్కులు లేనిచో వ్రాయువారు తక్కువ. ఉన్నచో చదువువానికి నచ్చునట్లు వ్రాయువారెక్కువ. తెలియనిదానిని ఒప్పుకొన్నందున మార్కు తగ్గునని విద్యార్థి శంకించిన మఱుక్షణమున స్వసమీక్ష స్తోత్రపాఠముగా మారును. కావున భావమునకు గాక, విశేషతకు విలువ కట్టుట మేలు: పాఠమును మెచ్చినాడా లేదా అని చూడక, తన పనిలోని ఒక నిర్దిష్ట స్థలమును చూపినాడా లేదా అని మాత్రమే చూడవలెను.

మూడవ కష్టము ఇటీవలిది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగిన విషయముపై క్షణములో గద్యము వ్రాసి యిచ్చు యంత్రములు విద్యార్థులందఱకును అందుబాటులోనికి వచ్చినవి. మొదటివాని ప్రశంసను, రెండవవాని పునరుక్తిని యంత్రము వారికంటె చక్కగా వ్రాయగలదు. మూడవవాని వ్రాతవంటిదానిని కల్పింపగలదు గాని, ఆ విద్యార్థి నాలవ వారమున ఏ పద్యము వద్ద ఆగెనో దానికి తెలియదు. వారపు వ్రాతలు, దిద్దిన అభ్యాసములు, చివరి సమీక్ష – ఈ మూడును ఒకదానితో నొకటి పొసగవలెనని నియమించి, ఆపై అయిదు నిమిషములు ముఖాముఖి మాటలాడినచో కల్పితము చాలవఱకు బయటపడును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. తన మననమును యంత్రముచే చేయించినవాడు గురువును మోసగించుట స్వల్పము. నేర్చుటలో చివరి భాగమును తానే వదలుకొనుచున్నాడు. ఆ సంగతి విద్యార్థికి ముందే తెలియజెప్పుట అధ్యాపకుని విధి.

ఉపసంహారము

అంతర్జాల విద్య దూరమున నున్నవారికి, ఉద్యోగములలో నున్నవారికి, ఇల్లు విడువజాలని స్త్రీలకు కళాశాల తలుపు తెఱచినది. ఆ తలుపులోనుండి వచ్చినవారి పట్టమునకు తక్కినవారి పట్టముతో సమానమైన గౌరవముండవలెనన్నచో, వారు చూచిన పాఠముల లెక్క చాలదు. వారిలో కలిగిన మార్పు కనబడవలెను. దానిని చూపుటకు పరీక్ష ఒక సాధనము, స్వసమీక్ష మఱియొకటి. విద్యార్థి సంతృప్తిని విద్యకు కొలతగా తీసికొనుట తగదని ప్రయోగములు చెప్పుచున్నవి. కాని అతడు తన తడబాటును, అది తీరిన విధమును, తీరక మిగిలినదానిని పేరుపెట్టి చెప్పగలిగినపుడు, ఆ చెప్పుటలోనే విద్య స్థిరపడుచున్నది. "నాకు తెలిసినది" అను మాటనుండి "నేను చేయగలను" అను మాటవఱకు విద్యార్థిని నడపించుటయే స్వసమీక్షకు పరమప్రయోజనము. అందుకు తగిన ప్రశ్నను అడుగుటయు, వచ్చిన జవాబును ఓపికతో చదువుటయు అధ్యాపకుని వంతు.